పెళ్లికొడుకు కొంచెం లూజు

మా ఊరి దేవుడికే కవచం పట్టదు, ఇక మనుషుల సంగతి చెప్పేదేముంది. కాణిపాకం వరసిద్ధి వినాయకుడు బావిలో వెలిసినప్పటి నుంచీ పెరుగుతూనే ఉన్నాడంటారు. ఎప్పుడో ఒక భక్తురాలు చేయించిన వెండి కవచం ఇప్పుడు స్వామికి ఎక్కదని మా ఊళ్లో పలకాబలపం పట్టిన పిల్లల్ని అడిగినా చెబుతారు. అందుకేనేమో, ఎవరి జాకెట్టు బిగుసుకుపోయినా, ఎవరి నిక్కరు జారిపోయినా మా ఊరివాళ్లు పెద్దగా దిగులు పడరు. నేను మాత్రం పడేదాన్ని. పేరుకి సంతోషమ్మనే గానీ, నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లో అనని రోజు లేదు. ఆ కోపంలో సగం చిత్తూరు టైలరు చాంద్ బాషా పుణ్యమే.

చాంద్ బాషా టేపు మెడలో వేసుకుంటాడు గానీ దాంతో ఎవరినీ కొలవడు. ఆడవాళ్లని ఎలాగూ కొలవడు, మగవాళ్లని కూడా కొలవడు. మనిషి ఎదురుగా నిలబడి ఉన్నా సరే, "ఆది తెచ్చినారా?" అంటాడు. ఆది అంటే, ఇంతకు ముందు కుట్టించుకున్న వాటిలో ఒంటికి సరిపోయిన బట్ట. దాన్ని పరిచి, చూసి, కొత్తది కత్తిరిస్తాడు. నేను ఒకే ఆది ఇచ్చి మూడు జాకెట్లు కుట్టిస్తే మూడూ మూడు రకాలుగా వచ్చాయి. ఒకటి ఊపిరాడనివ్వదు. ఒకటి భుజం మీద నిలవదు. మూడోది నాకు కాకుండా మా పిన్ని చంద్రకాంతమ్మకి అతికినట్టు సరిపోయింది. ఇదేం న్యాయం బాషా అన్నా అని గొడవకి పోతే, "అంతా గుడ్డలో ఉండాది పాపా, నా సేతిలో ఏముండాది" అని పాన్ నములుతూ నవ్వాడు. పోనీ రెడీమేడు కొందామా అంటే అదీ అంతే. మా నాయన తిరుపతిలో ఒకే నెంబరు చొక్కాలు రెండు అంగళ్లలో కొంటే, ఒకటి బొడ్డు దాటలేదు, ఇంకోటి మోకాళ్లు దాటింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నా పెళ్లి కూడా ఒక ఆది చొక్కా మూలంగానే ఆగిపోబోయింది.

మా నాయన మునిరామయ్యకి గుడి వీధిలో టెంకాయల అంగడి. టెంకాయలు, కర్పూరం, నిమ్మకాయల దండలు అమ్ముతాడు. నిమ్మకాయలు గూడూరు నుంచి వచ్చేవి. అక్కడ దేవకమ్మ అని ఒకావిడ, మొగుడు పోయినా మండీ మూయకుండా నడుపుకుంటూ వచ్చింది. ఆమెకి ఒక్కడే కొడుకు, జయరామ్. ఇప్పుడు మండీ అతనే చూసుకుంటున్నాడు, కులం కలిసింది, మనుషులు మంచివాళ్లు అని మా నాయన పెళ్లిచూపులకి రమ్మన్నాడు.

వాళ్లు వచ్చిన రోజు నేను తలుపు సందులోంచి చూశాను. ముందు చొక్కా వచ్చింది, తర్వాత దానిలో మనిషి ఉన్నాడని తెలిసింది. భుజాల కుట్లు మోచేతుల వైపు దిగి ఉన్నాయి. కాలరులో ఇంకో మెడకి చోటుంది. అతను ముందుకి వంగి బజ్జీ తీసుకుంటే చొక్కా తీరిగ్గా వెనకాల వంగింది. ఎడమ చెయ్యి మాత్రం నడుం మీద నుంచి తీయడు. ప్యాంటు పట్టుకున్నాడని తర్వాత అర్థమైంది.

నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కున్నాను. నిజానికి నాకు నవ్వే యోగ్యత లేదు. ఆ రోజు నేను తొడుక్కున్న పట్టు జాకెట్టు మా పిన్నిది. నా జాకెట్లలో ఏదీ ఆ చీరకి నప్పలేదు. పిన్ని జాకెట్టులో నేను ఈత కొట్టేంత ఖాళీ ఉంది గనుక, మా అమ్మ శకుంతలమ్మ వెనకవైపు వరసగా పిన్నీసులు పెట్టి బిగించి, "వంగొద్దు, ఊపిరి గట్టిగా తీయొద్దు" అని చెప్పి పంపింది. కాఫీ లోటాలు పట్టుకుని వంగకుండా ఎలా ఇస్తారో ఆమె చెప్పలేదు. నేను వంగాను. పిన్నీసు ఊడింది. నేరుగా వీపులో దిగింది.

కళ్లలో నీళ్లు తిరిగాయి. కదిలితే ఇంకా దిగుతుంది. తల వంచుకుని బొమ్మలా నిలబడిపోయాను. దేవకమ్మ మురిసిపోయి, "ఎంత అణకువ!" అంది. మా వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ మాట నా గురించి ఎవరూ ఎప్పుడూ అనలేదు.

అప్పుడు జయరామ్ లోటా కింద పెట్టి, "అమ్మా, ఆమెని లోపలికి పోనీ. యాడో పిన్నీసు ఊడి గుచ్చుకుంటుండాది" అన్నాడు.

"నీకెట్టా తెలుసురా?" అంది దేవకమ్మ.

"ఆ మొహం నాకు తెలుసమ్మా" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, నా ఒక్కదానికే వినపడేట్టు, "నాకు దినామూ గుచ్చుకుంటాయి" అన్నాడు.

నేను లోపలికి పరుగెత్తి, పిన్నీసు పీకి అవతల పారేసి, మా అమ్మతో ఒకటే మాట చెప్పాను. చేసుకుంటే ఇతన్నే చేసుకుంటాను. అంతమంది కూర్చున్న చోట నా వీపు నొప్పి కనిపెట్టినవాడు ఇంకెక్కడ దొరుకుతాడు? చొక్కాదేముంది, చొక్కా మార్చుకోవచ్చు.

మాటలు కుదిరాయి. మా వైపు పెళ్లికొడుక్కి బట్టలు పెట్టేది ఆడపిల్ల వాళ్లే. అప్పట్లో సఫారీ సూటు లేకుండా పెళ్లి జరిగితే పెళ్లికింద లెక్క కాదు. మా నాయన గొప్పగా, "సఫారీ మా సాంద్ బాషా సేత కుట్టిస్తాం. ఒక ఆది పంపించమ్మా, సాలు" అన్నాడు. దేవకమ్మ సరేనంది. జయరామ్ ఏదో చెప్పబోయి, తల్లి మొహం చూసి, నోరు మూసుకున్నాడు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. అరవదేశం మాకు పిలిస్తే పలికేంత దూరం. వాళ్ల మాటలు చాలా మా నోట్లో ఉన్నాయి. అందులో లూజు ఒకటి. ఇంగ్లీషులో ఏమైనా కానీ, మా చిత్తూరు పక్క లూజు అంటే మతి స్థిమితం లేనివాడు. బట్టలయితే వదులు అంటాం. మనిషినయితేనే లూజు అంటాం. గూడూరులో అలా కాదట. అక్కడ లూజు అంటే వదులు, అంతే. ఈ తేడా ఇప్పుడు నేను చెబితే మీకు ఇట్టే తెలిసిపోయింది. ఆ రోజుల్లో మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు, చివరికి నాక్కూడా.

మా మామ చిన్నబ్బ, అంటే మా అమ్మ తమ్ముడు, నిమ్మకాయల కోసం గూడూరు పోయాడు. పెళ్లిచూపులప్పుడు అతను ఊళ్లో లేడు. ఆది సంగతి అతనికి తెలియదు. తిరిగొచ్చినవాడు నిమ్మకాయల గోతాన్నీ, ఒక గుడ్డ మూటనీ గుమ్మంలో పడేసి, మంచినీళ్లు కూడా అడక్కుండా మా నాయన పక్కన చతికిలబడ్డాడు.

"బావా, మోసపోయినాం."

"ఏమాయ సిన్నబ్బా?"

"ఆ యమ్మే సెప్పింది బావా, ఆ యమ్మ నోటితోనే సెప్పింది. ఈ మూట నా సేతికిచ్చి, 'ముందే చెప్తుండా అబ్బయ్యా, తర్వాత మాట రాకూడదు. మావాడు కొంచెం లూజు. వాళ్ల నాయన పోయినప్పటి నుంచీ అంతే. మీరు మనసులో ఏం పెట్టుకోవద్దు, పెళ్లయితే సరిపోతాడు' అనింది."

మా అమ్మ చేతిలోని చాట జారి కింద పడింది. పెళ్లయితే సరిపోతాడు అనే మాట మా వైపు ఎవరి గురించి అంటారో అందరికీ తెలుసు.

"నువ్వు పిల్లోడిని సూసినావా?" అన్నాడు నాయన.

"సూడకేం! నడుముకి గోనెపురి కట్టుకోనుండాడు బావా. జోబుల నిండా నిమ్మకాయలు. ఇంతింత జోబులు! ఉండుండి రెండు సేతులూ పైకెత్తి ఇట్టా ఊపుతాడు, మళ్లా దించుతాడు. నన్ను సూసి నవ్వినాడు."

"నిన్ను సూసి నవ్వితే పిచ్చేంది మామా?" అన్నాను నేను వంటింట్లోంచి.

"ఎందుకు నవ్వల్ల పాపా? నేనేమన్నా నవ్వు పుట్టించేట్టు ఉండానా?" అన్నాడు. ఉంటాడు. కానీ అది చెప్పే సమయం కాదది.

మర్నాడు నాయన, చాంద్ బాషాకి ముందే ఇచ్చిన సఫారీ గుడ్డ వెనక్కి తెచ్చేసుకుందామని చిత్తూరు బయలుదేరాడు. నేనూ వెంట పడ్డాను. ఎందుకైనా మంచిదని ఆ మూట కూడా తీసుకున్నాం. చాంద్ బాషా మూట విప్పి, చొక్కా తీసి, రెండు చేతులా పట్టి దులిపాడు. అంగట్లో సగం వెలుతురు ఆగిపోయింది.

"ఇదేంది మునిరామయ్యన్నా? దీని కొలతకి కుడితే ఇద్దరు పెండ్లికొడుకులు పడతారు. ఇంత ఢీలాగా ఎవరు తొడుక్కుంటారు? పిచ్చి ముదిరినోళ్లకి ఆస్పత్రిలో ఏస్తారు సూడు, అట్టాంటి బట్ట ఇది" అన్నాడు.

అతను ఊరికే అన్నాడు. నాయన మొహం మాత్రం పాలిపోయింది. గుడ్డ చంకలో పెట్టుకుని లేచాడు. బస్సెక్కి కాణిపాకం వచ్చేశాం. దిగగానే, "వద్దు పాపా. ఆ సంబంధం వద్దు" అన్నాడు.

"నాకు కావల్ల" అన్నాను.

"లూజునా?"

"పిన్నీసు గుచ్చుకున్న సంగతి మీకు ఒక్కరికైనా తెలిసిందా నాయనా? అమ్మకి తెలిసిందా? ఆయనకి తెలిసింది. మతిలేనోడికి తెలుస్తాదా అది?"

"గోనెపురి కట్టుకోనుండాడంటనే!"

"కట్టుకోనీ. నేను బెల్టు కొనిస్తా."

మూడు పూటలు అన్నం ముట్టలేదు. కోపంతో కాదు, నిజంగానే సహించలేదు. అతని మొహం కళ్ల ముందు నుంచి పోలేదు. నాయన గట్టివాడు, ఏడిస్తే కరుగుతాడు గానీ మాట మార్చడు. చివరికి నాకే ఒక దారి తోచింది. కాణిపాకంలో పుట్టి ఇన్నాళ్లూ ఎందుకు తోచలేదో అని నా మీద నాకే కోపం వచ్చింది. మా స్వామి ముందు ప్రమాణం చేసి అబద్ధం చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు. అప్పు ఎగ్గొట్టినవాళ్లూ, దొంగలూ కూడా ఆ గుమ్మం దగ్గరికొచ్చి నిజం ఒప్పుకుంటారు.

"నాయనా, ఆ యమ్మని పిలిపించు. కొడుకు లూజు కాదని స్వామి ముందర ప్రమాణం సెయ్యమను. సేస్తే పెండ్లి. సెయ్యకపోతే నువ్వు సెప్పిన సంబంధం సేసుకుంటా, నోరెత్తను."

నోరెత్తను అన్న మాటకే నాయన ఒప్పుకున్నాడేమో అని నాకిప్పటికీ అనుమానం.

చిన్నబ్బ మామ పోయి వాళ్లని గుడికి పిలుచుకొచ్చాడు. పెళ్లికి ముందు ఇట్టా ప్రమాణం చేయించడం మా ఊరి ఆచారం కాబోలనుకుని దేవకమ్మ కొత్త చీర కట్టుకుని, మా అందరినీ ఆప్యాయంగా పలకరిస్తూ వచ్చింది. జయరామ్ కొత్త చొక్కా వేసుకున్నాడు. అది పాతదాని కంటే వదులు. చేతులు కనపడటం లేదు. దండం పెట్టుకోవడానికి రెండు చేతులూ పైకెత్తి ఊపాడు, అప్పుడు చొక్కా చేతులు కిందికి జారి వేళ్లు బయటికి వచ్చాయి. చిన్నబ్బ మామ నా వైపు చూసి కళ్లెగరేశాడు. స్వామీ, నువ్వే దిక్కు అనుకున్నాను.

పూజారి కర్పూరం వెలిగించాడు. నాయన గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా దేవకమ్మా, నీ మీద నాకేం కోపం లేదు. ఈ స్వామి ముందర అబద్ధం సెప్పకూడదు, ఆ సంగతి నీకూ తెలుసు. ఒక్క మాట సెప్పు, సాలు. నీ కొడుకు లూజు కాదని ప్రమాణం సెయ్యి. రేపే ముహూర్తం పెట్టిస్తా."

దేవకమ్మ కొడుకు వైపు చూసింది. పై నుంచి కింది దాకా చూసింది. తర్వాత స్వామి వైపు చూసి చెంపలేసుకుంది.

"అట్టా ఎట్టా చెప్పేదన్నా? స్వామి ఎదురుగా అబద్ధమాడమంటావా? లూజే. నేను ముందే చెప్పి పంపిస్తిని గదా."

మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "నేను సెప్పలా?" అన్నాడు చిన్నబ్బ మామ. నేను స్తంభానికి ఆనుకున్నాను. అయిపోయింది. నా నోటితో నేనే అడిగి తెచ్చుకున్నాను.

నాయన మంచివాడు. అప్పటికీ డాక్టరుని అడిగినట్టు, మెత్తగా అడిగాడు. "ఎంత లూజమ్మా?"

దేవకమ్మ ఆలోచించింది. "భుజాల దగ్గర రెండంగుళాలు. నడుం దగ్గర ఇంకా ఎక్కువే."

హారతి పళ్లెం పూజారి చేతిలో అలాగే ఉండిపోయింది.

"నడుం దగ్గరా?" అన్నాడు నాయన.

"ఆఁ. అందుకే గదా గోనెపురి కట్టుకుంటుండాడు."

"నాయనా!" అని అరిచాను. గుళ్లో ఉన్నానని కూడా మరిచిపోయాను. "సొక్కా నాయనా! ఆ యమ్మ సెప్పేది సొక్కా సంగతి!"

ముందు నవ్వింది పూజారి. పళ్లెం కింద పెట్టి మరీ నవ్వాడు. మా అమ్మ ఏడుస్తూనే నవ్వింది. నాయన మాత్రం ఇంకా వేళ్ల మీద అంగుళాలు చూసుకుంటున్నాడు. దేవకమ్మకి ఏమీ అర్థం కాలేదు. "చొక్కా కాకపోతే మరేంది? మీరేమనుకున్నారు?" అని అందరినీ ఒక్కొక్కరినే అడిగింది. చివరికి పూజారే నవ్వుతూ, "మా పక్క లూజు అంటే మతి సరిగా లేనోడు తల్లీ" అనేశాడు.

దేవకమ్మ మొహంలో నవ్వు పోయింది.

"నా బిడ్డని పిచ్చోడనుకున్నారా? ఇన్ని రోజులూ అదే అనుకుంటుండారా? అందుకా గుడికి పిలిపించింది?" కొడుకు చెయ్యి వెతికి, చొక్కా మీద నుంచే పట్టుకుంది. "పదరా జయరామ్. ఈ ఇంటి పిల్ల మనకొద్దు."

నాయన చేతులు జోడించాడు. చిన్నబ్బ మామ స్తంభం వెనక్కి పోయాడు. చూడండి నా రాత, ఒక నిమిషం ముందు మా నాయన వద్దన్న పెళ్లి, ఇప్పుడు ఆమె వద్దంటోంది. నేను పోయి ఆమెకి అడ్డంగా నిలబడ్డాను. పెళ్లి కావలసిన పిల్ల అలా నిలబడకూడదని మా అమ్మ సైగలు చేస్తోంది. చేయనీ.

"అత్తా, తప్పు మాదే. కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటా. ఒక్క మాట అడుగుతా, సెప్పి పో. ఎందుకత్తా అంత వదులుగా కుట్టిస్తావు?"

ఆమె నా మీద అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "వాళ్ల నాయన కొలత అది" అంది. "ఆయన పోయేటప్పటికి వీడు నా నడుందాకా కూడా లేడు. ఆయన ప్యాంటూ చొక్కా ఒక జత మిగిలింది. టైలరు ఆది కావాలంటాడు, వీడికని ఏ చొక్కా చూపించేది? దాన్నే ఇస్తిని. కొడుకు నాయనంత కాడా? ఇయ్యాళ కాకపోతే రేపు అవుతాడు. మీ దేవుడు పెరుగుతుండాడంటారే, కవచం పట్టడం లేదంటారే, అది నమ్ముతారే! నా కొడుకు పెరుగుతాడని నేననుకుంటే పిచ్చా?"

పూజారి స్వామి వైపు తిరిగి నిలబడ్డాడు.

అప్పుడు జయరామ్ నోరు విప్పాడు. "అమ్మా" అన్నాడు మెల్లిగా. "నాకు ఇరవై ఆరేళ్లమ్మా. నేను ఇంగ పెరగను."

పాపం, ఎన్నేళ్ల నుంచి ఆ మాట దాచుకున్నాడో. దేవకమ్మ కొడుకు మొహం వైపు చూడలేక చొక్కా వైపు చూసింది. అది చూసి నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. ఎవరి మీదంటారా? అతని మీదే.

"నిన్నెవురు అడిగినారు?" అన్నాను. నా కాబోయే మొగుడితో నేను మాట్లాడిన మొట్టమొదటి మాట అది. "పెరుగుతావో లేదో నీకేం తెలుసు? నువ్వు నోరు మూసుకోనుండు." తర్వాత మా నాయన వైపు తిరిగాను. "నాయనా, సఫారీ అత్త పంపించిన ఆదికే కుట్టించు. అరంగుళం తగ్గినా నేను పీటల మీద కూసోను."

జయరామ్ నోరు మూసుకున్నాడు. కానీ కళ్లతో నవ్వాడు.

దేవకమ్మ నా వైపు తిరిగింది. "పెళ్లిలో అందరూ నవ్వుతారు పాపా. నీకు నామోషీగా ఉండదా?"

"నవ్వనీ అత్తా. నాకూ నవ్వొస్తాది. నవ్వుకుంటానే సేసుకుంటా."

ఆమె కొడుకు చెయ్యి వదిలి నా చెయ్యి పట్టుకుంది. పూజారి మళ్లీ కర్పూరం వెలిగించాడు.

చాంద్ బాషా నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. "నా పేరు పోతాదన్నా, ఇది కుట్టినోడు సాంద్ బాషా అంటే రేపట్నుంచి అంగడికి ఎవురొస్తారు?" అని బతిమాలాడు. నాయన వినలేదు. విచిత్రం ఏమిటంటే, జన్మలో ఒక్కసారి కూడా ఆదికి సరిగ్గా కుట్టనివాడు ఆ సఫారీ మాత్రం నూలుపోగు తేడా లేకుండా కుట్టాడు. నా పెళ్లి జాకెట్టు మామూలుగానే బిగుసుకుపోయింది. ఊరేగింపు ఫోటో మా ఇంట్లో ఇప్పటికీ గోడకి వేలాడుతోంది. నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. పక్కన ఒక సఫారీ కూర్చుంది. అందులోంచి మా ఆయన తల బయటికి పెట్టి చూస్తున్నాడు.

గూడూరు కాపురానికి పోయాక నాకో బాధ్యత పడింది. పెరుగుతాడని గుళ్లో నేనే అన్నాను గదా, స్వామి విన్నాడు గదా, మాట నిలబెట్టుకోవాలి. రాగిసంగటిలో నెయ్యి, చెనిక్కాయలతో నూరిన ఊరుబిండి పచ్చడి, ఆదివారం ఆదివారం కోడికూర. వద్దంటే ఊరుకునేదాన్ని కాదు. అత్త పక్కనుండి, "ఇంకొంచెం వెయ్" అనేది. ఆ విషయంలో మా ఇద్దరికీ ఒక్కనాడూ మాట తేడా రాలేదు. మా ఆయన పెరిగాడు. పైకి కాదు, పక్కలకి. గోనెపురి పోయి బెల్టు వచ్చింది, తర్వాత బెల్టుకి కొత్త బెజ్జాలు పడ్డాయి.

మొన్న వేసవిలో చిన్నబ్బ మామ కూతురి పెళ్లికి ప్రయాణమయ్యాం. మా ఆయనకి ఇటీవల కుట్టించినవేవీ పట్టడం లేదు. పెట్టె అడుగున ఆ సఫారీ కనబడింది. దాని కిందే, ప్యాంటు చినిగిపోగా మిగిలిన మా మామగారి ఆది చొక్కా. నాఫ్తలీను ఉండలు దులిపి, "వేసి చూడు" అన్నాను. ప్యాంటు చెయ్యి అడ్డం లేకుండా నడుం మీద నిలిచింది. భుజాల కుట్లు భుజాల మీదే ఉన్నాయి. అన్ని గుండీలూ పడ్డాయి. అద్దంలో చూసుకుని తనే నమ్మలేకపోయాడు.

"అమ్మకి చూపించొస్తా" అంటూ ముందు గదిలోకి నడిచాడు. నేను వెనకాలే పోయాను.

అత్తకి ఇప్పుడు చూపు ఆనదు. మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. అడుగుల చప్పుడికి తలెత్తింది. గుమ్మంలో నిండుగా మనిషి. గబుక్కున మంచం దిగి నిలబడింది. చేతులు చీరకి తుడుచుకుని, కొంగు భుజం మీద సర్దుకుంది. మొగుడు బయట నుంచి వస్తే ఆ ఇంట్లో ఆడవాళ్లు అలాగే లేచి నిలబడతారు.

"అమ్మా, నేనే" అన్నాడు మా ఆయన.

"తెలుసులేరా" అంది. కాసేపటికి మళ్లీ కూర్చుంది. "దగ్గరికి రా" అని పిలిచి, భుజాల కుట్లు వేళ్లతో తడిమింది. నడుం దగ్గర గుడ్డ పట్టి లాగి చూసింది. గుడ్డ రాలేదు. "సరిపోయింది" అంది. కళ్లు తుడుచుకుంటే చింతపండు చేతులు తగిలి ఇంకా మండాయి. ఆ వంకన కాసేపు ఏడ్చింది.

నాకూ ఏడుపొచ్చింది. దాచుకోవడానికి మామగారి చొక్కా తీసుకొచ్చి మడత పెడుతూ కూర్చున్నాను. కాలరు చివికిపోయింది, రంగు ఏమిటో కూడా తెలియదు.

"సంతోషా" అంది అత్త. "ఆ చొక్కా ఇంక స్టీలు సామాన్లవాడికి వేసెయ్. దాంతో ఇంక పనేముండాది?"

ఆమె చెయ్యి మాత్రం అంటున్నంత సేపూ ఆ చొక్కా అంచు మీదే ఉంది.

"ఇంత పాత గుడ్డకి ఏమిస్తాడత్తా? సెంచా కూడా రాదు" అన్నాను.

"చెంచా కూడా రాదా?" అని చొక్కా నా చేతిలోంచి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. "అయితే ఉండనీలే."